పిల్లలకి ఏ పుస్తకం సరిపోతుంది? వయసు, లెవెల్, ఇష్టం – ఈ మూడింటి మధ్య చిక్కు

పిల్లల పుస్తకం వెనక అట్ట తిప్పి చూస్తే ఏదో ఓ మూల ‘6–8 ఏళ్ళు’ అనో, ‘లెవెల్ 2’ అనో, లేకపోతే ఒక ఇంగ్లీషు అక్షరమో, మూడంకెల నంబరో కనిపిస్తుంది. మనవాడికి ఏడేళ్ళు కదా, సరిపోతుందిలే అని తెచ్చి ఇస్తాం. వాడు రెండు పేజీలు కూడబలుక్కుని చదివి పక్కన పడేస్తాడు. వాడికంటే ఏడాది చిన్నదైన చెల్లెలు అదే పుస్తకం గబగబా పూర్తి చేసి ఇంకోటి ఉందా అంటుంది. ఇక టెన్షన్ మొదలు. వీడు వెనకబడ్డాడా, పుస్తకం బాగాలేదా, అసలు ఆ అట్ట మీది నంబరుకి అర్థమేమైనా ఉందా?

అర్థం ఉంది, కానీ మనం అనుకునేంత లేదు. ‘సరిపోయే పుస్తకం’ అనే మాటలో నిజానికి నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. పిల్లాడు ఆ అక్షరాలు చదవగలడా? చదివింది అర్థమవుతుందా? అందులో ఉన్న విషయం వాడి వయసుకి తగినదేనా? వాడికి చదవాలని ఉందా? అట్ట మీది లేబుల్ మొదటిదానికి కాస్త, మూడోదానికి కాస్త జవాబు చెబుతుంది, మిగతా రెండిటి సంగతి దానికి తెలీదు, తెలిసే అవకాశం కూడా లేదు. ఎందుకంటే అవి పుస్తకంలో ఉండేవి కావు, చదివే పిల్లాడిలో ఉండేవి.

చదవడం అంటే ఒక పని కాదు, రెండు

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి చాలా చిన్న సూత్రం ఒకటి చెప్పారు. ‘సింపుల్ వ్యూ ఆఫ్ రీడింగ్’ అని దానికి పేరు. చదివి అర్థం చేసుకోవడమనేది రెండు శక్తుల గుణకారం అంటారు వాళ్ళు. ఒకటి డీకోడింగ్, అంటే అచ్చులో ఉన్న గుర్తుల్ని కలిపి మాటగా పలకగలగడం. రెండోది, అవే మాటలు ఎవరైనా నోటితో చెబితే విని అర్థం చేసుకోగలగడం. ఇక్కడ కూడిక కాకుండా గుణకారం ఎందుకంటే, రెండిట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. మనకి రాని భాషని తెలుగు లిపిలో రాసిస్తే తడుముకోకుండా చదివేస్తాం, ఒక్క ముక్క బుర్రకెక్కదు.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. సున్నా నుంచి ఒకటి దాకా కొలత పెడితే, మొదటి పిల్లాడికి అక్షరాలు కలిపి చదవడంలో 0.9, విని అర్థం చేసుకోవడంలో 0.5 అనుకుందాం. రెండో అమ్మాయికి అచ్చంగా తిరగేసి, చదవడంలో 0.5, విని అర్థం చేసుకోవడంలో 0.9. గుణిస్తే ఇద్దరికీ 0.45. పరీక్ష పెడితే ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులొస్తాయి, ఒకే లెవెల్ పుస్తకం చేతిలో పెడతారు. కానీ వీళ్ళకి కావాల్సింది పూర్తిగా వేర్వేరు. మొదటివాడు గడగడా చదివేసి ‘ఇంతకీ ఏం జరిగింది?’ అంటే తెల్లమొహం వేసే రకం (ఇంట్లో వాడని భాషలో బడి చదువు చదివే పిల్లల్లో ఈ రకం బాగా కనిపిస్తారు). వాడికి కబుర్లు, కథలు వినడం, మాటల అర్థాలు, లోకజ్ఞానం కావాలి. రెండో అమ్మాయి నోటితో చెబితే పెద్ద కథ కూడా ఇట్టే పట్టేస్తుంది, అచ్చు కనబడితే మాత్రం ఆగిపోతుంది. ఆమెకి గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర ఓపిగ్గా సాయం చేసేవాళ్ళు కావాలి. ‘తేలిక పుస్తకాలివ్వండి’ అనే ఒకే సలహా ఇద్దరికీ చెబితే, ఇద్దరికీ సగం సగమే పనికొస్తుంది.

ఇది తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. వాడు చదవలేక వదిలేసిన పేజీనే మీరు పైకి చదివి వినిపించండి. ఇప్పుడు అర్థమైతే చిక్కు అక్షరాల దగ్గర ఉంది. ఇప్పుడూ అర్థం కాకపోతే భాష దగ్గరో, విషయం దగ్గరో ఉంది.

అట్ట మీది నంబరు ఎక్కడి నుంచి వస్తుంది

లెవెళ్ళు రెండు రకాలుగా తయారవుతాయి. ఒకటి యంత్రం లెక్క. అమెరికాలో మెటామెట్రిక్స్ అనే సంస్థ తెచ్చిన ‘లెక్సైల్’ ఇలాంటిదే. వాక్యాలు ఎంత పొడవున్నాయి, వాడిన మాటలు ఎంత తరచుగా కనబడేవి అనే రెండు విషయాల మీద ప్రధానంగా లెక్కగట్టి ఒక నంబరు ఇస్తుంది. పొట్టి వాక్యాలు, అందరికీ తెలిసిన మాటలు ఉంటే నంబరు తగ్గుతుంది. రెండోది మనుషులు చదివి నిర్ణయించేది. ఐరీన్ ఫౌంటస్, గే సూ పిన్నెల్ అనే ఇద్దరు విద్యావేత్తలు 1996 నుంచి ప్రచారంలోకి తెచ్చిన ఏ నుంచి జెడ్ దాకా ఉండే మెట్లు ఈ రకం. బొమ్మలు ఎంత సాయం చేస్తున్నాయి, కథ ఎంత మెలికలు తిరిగింది, పేజీకి ఎన్ని వరసలున్నాయి వంటివి చూసి పుస్తకాన్ని ఒక మెట్టు మీద పెడతారు. తెలుగుతో సహా చాలా భాషల్లో పుస్తకాలుండే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో నాలుగు లెవెళ్ళు ఉంటాయి. అందులో కథ ఎన్ని మాటలుందన్నది ఒక ముఖ్యమైన కొలత, మొదటి లెవెల్ సుమారు 250 మాటల లోపు, నాలుగో లెవెల్ 1500 దాటినవి.

యంత్రం లెక్కకి ఉన్న లోటు ఏమిటో ఒక్క ఉదాహరణతో తెలిసిపోతుంది. జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ కరువుకీ అప్పులకీ ఊరొదిలి వలసపోయిన కుటుంబం కథ, పెద్దవాళ్ళకే బరువైన నవల. అందులో సంభాషణలు ఎక్కువ, వాక్యాలు పొట్టి, మాటలు మామూలువి. కాబట్టి లెక్క ప్రకారం అది రెండు మూడు తరగతుల పిల్లల స్థాయిలో తేలుతుంది. అమెరికాలో కామన్ కోర్ పాఠ్య ప్రమాణాలు రాసినవాళ్ళు తమ పత్రంలోనే ఈ సంగతి ప్రస్తావించి, అందుకే నంబరు ఒక్కటీ చాలదు, మనిషి చూసి నిర్ణయించాలి అన్నారు.

అలాగని లెవెళ్ళు దండగ అనడానికీ లేదు. ముప్పై మంది పిల్లలున్న క్లాసులో, ప్రతి పుస్తకమూ ముందే చదివి ఉండే తీరిక ఏ టీచరుకీ ఉండదు, అలాంటప్పుడు మెట్ల వారీగా పెట్టిన పుస్తకాలు నిజంగా పని తగ్గిస్తాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, పుస్తకానికి పెట్టిన గుర్తు మెల్లగా పిల్లాడికి అతుక్కుంటుంది. ‘నేను కే లెవెల్, నువ్వింకా హెచ్ దగ్గరే ఉన్నావా’ అని పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కొలుచుకోవడం మొదలుపెడతారు. ఫౌంటస్, పిన్నెల్ తర్వాతి రోజుల్లో స్వయంగా, ఇది టీచరు చేతిలో పనిముట్టు తప్ప పిల్లల మీద వేసే ముద్ర కాదని గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. చెప్పుల సైజు అయితే ఏ దారిలో నడిచినా అదే ఉంటుంది. చదివే స్థాయి అలా కాదు, చేతిలో ఉన్న పుస్తకాన్ని బట్టి పైకీ కిందకీ జరుగుతూ ఉంటుంది.

ఇంగ్లీషు కొలత తెలుగు పేజీ మీద పెడితే

ఈ కొలతలన్నీ దాదాపుగా ఇంగ్లీషు కోసం పుట్టినవి. తెలుగు పుస్తకానికి వాటిని యథాతథంగా వాడితే ఏమవుతుందో ఒక వాక్యం తీసుకుని చూద్దాం.

‘అమ్మ బయటికి వెళ్ళిపోయినప్పుడల్లా పిల్లి గుమ్మం దగ్గరే కూర్చునేది.’

ఏడు మాటలు. ఇదే సంగతి ఇంగ్లీషులో చెబితే పన్నెండు దాకా అవుతాయి. వాక్యం పొడవు మాటల్లో కొలిచే లెక్క ప్రకారం మనది చాలా తేలిక వాక్యం. కానీ రెండో తరగతి పిల్లాడు చదువుతుంటే పక్కన కూర్చుని వినండి. ‘అమ్మ’ వెంటనే వచ్చేస్తుంది, ‘బయటికి’ కూడా. ఆ తర్వాత ‘వె... వెళ్ళి... పో... యి... న... ప్పు... డ...’ అంటూ వేలు అక్షరం అక్షరం మీద ఆగుతుంది. ‘ల్లా’ దగ్గరికి చేరేసరికి ఆ మాట మొదలు ఏమిటో మర్చిపోయి మళ్ళీ వెనక్కి వస్తాడు. రెండోసారి ‘వెళ్ళిపోయిన’ దాకా ఒక్క ముక్కగా వస్తుంది, మిగతాది ఇంకో ముక్క. అప్పటికి వాక్యంలో అమ్మ ఉందన్న సంగతే పోయింది. అదే వాక్యాన్ని ‘అమ్మ బయటికి వెళ్ళేది. అప్పుడు పిల్లి గుమ్మం దగ్గర కూర్చునేది.’ అని విడగొట్టి రాస్తే మాటలు ఎనిమిదయ్యాయి, అంటే ఒకటి పెరిగింది, చదవడం మాత్రం ఎంతో తేలికైంది.

తెలుగులో కష్టం మాటల సంఖ్యలో కంటే మాట లోపల ఎక్కువ ఉంటుంది. ఒకదానికొకటి అంటుకున్న ప్రత్యయాలు, సంధులు, ఒత్తులు, ‘స్త్ర’ లాంటి మూడు హల్లుల గుత్తులు పిల్లల్ని ఆపేస్తాయి. పైగా మన లిపిలో నేర్చుకోవాల్సిన రూపాలే వందల్లో ఉంటాయి. తెలుగు లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూపించింది. ఇంగ్లీషులో 26 అక్షరాలు త్వరగా వచ్చేస్తాయి (స్పెల్లింగు బాధలు తర్వాత మొదలవుతాయనుకోండి), మన లాంటి లిపుల్లో మాత్రం అక్షరాలు నేర్చుకునే పనే మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుంది. కాబట్టి ఇంగ్లీషు పట్టికలో ‘ఏడేళ్ళకి సొంతంగా చదవాలి’ అని ఉంటే, తెలుగులో కూడబలుక్కుంటున్న ఏడేళ్ళవాడు వెనకబడ్డాడని అనుకోవాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు, పుస్తకాల భాషకీ ఇంట్లో మాట్లాడే భాషకీ మధ్య దూరం. ‘తినేసి వెళ్ళాడు’ అని వినే పిల్లాడికి ‘భుజించి వెడలెను’ అని పుస్తకంలో కనిపిస్తే అక్షరాలు తేలికే, అర్థం దొరకదు. పాత కథల్ని పిల్లల పుస్తకంగా అచ్చువేసినప్పుడు ఇది తరచు జరుగుతుంది, బొమ్మలు ఐదేళ్ళవాళ్ళకి, భాష వాళ్ళ తాతలకి.

ఐదు వేళ్ళ చిట్కా, 95 శాతం నియమం

పిల్లలే స్వయంగా పుస్తకం ఎంచుకోవడానికి బడుల్లో, లైబ్రరీల్లో ఎక్కువగా చెప్పేది ఐదు వేళ్ళ చిట్కా. ఏదో ఒక పేజీ తెరిచి చదవాలి, రాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. ఒకటీ రెండూ అయితే హాయిగా చదువుకోవచ్చు.

దీని వెనకున్న ఆలోచన పాతదే. 1946లో ఎమ్మెట్ బెట్స్ అనే అమెరికన్ విద్యావేత్త మూడు స్థాయిలు చెప్పాడు. నూటికి 99 మాటలు సరిగ్గా చదివి, అడిగినవాటిలో 90 శాతానికి జవాబు చెప్పగలిగితే అది ఒంటరిగా చదువుకునే పుస్తకం. 95 దాకా వస్తే టీచరు పక్కనుండి చదివించేది. 90 కంటే తగ్గితే విసుగు పుట్టించేది. న్యూజిలాండ్‌కి చెందిన మేరీ క్లే రూపొందించిన ‘రన్నింగ్ రికార్డ్’ (పిల్లాడు పైకి చదువుతుంటే టీచరు తప్పొప్పులు రాసుకునే పద్ధతి) కూడా ఇలాంటి శాతాల లెక్కే వాడుతుంది. అందులో ఒక మంచి విషయం ఉంది, పిల్లాడు తప్పు చదివి తనంతట తానే సరిదిద్దుకుంటే దాన్ని తప్పుగా లెక్కపెట్టరు. అది న్యాయమే, ఎందుకంటే ‘ఇక్కడేదో తేడాగా ఉందే’ అని ఆగగలిగినవాడు అర్థం చేసుకుంటూనే చదువుతున్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. పేజీకి వంద మాటలున్న పుస్తకంలో నాలుగు రాకపోతే 96 శాతం వచ్చినట్టు, ఫర్వాలేదు. కానీ తెలుగులో చిన్నపిల్లల పుస్తకంలో పేజీకి ముప్పై ఐదు మాటలే ఉన్నాయనుకోండి. నాలుగు రాకపోతే వచ్చినవి ముప్పై ఒకటి, అంటే 89 శాతం. బెట్స్ లెక్కలో ఇది విసుగు పుట్టించే స్థాయి, అయినా ఐదో వేలు ముడవలేదు కాబట్టి మన వేళ్ళ చిట్కా దాన్ని ‘కష్టం’ అనదు. అదే పేజీలో రెండు రాకపోతే 94 శాతం, ఒకటే రాకపోతే 97. కాబట్టి చిట్కా వాడాలంటే ఒక్క పేజీ చాలదు, వంద మాటలయ్యేదాకా రెండు మూడు పేజీలు చదివించాలి. లేదంటే తక్కువ మాటలున్న పేజీకి రెండు వేళ్ళే హద్దు.

95 కూడా వినడానికి పెద్ద నంబరే కానీ, ఒంటరిగా చదివేటప్పుడు అది ఎంత ఇబ్బందో మనం ఊహించం. నూటికి ఐదు మాటలు రావంటే ప్రతి ఇరవై మాటలకీ ఒక గొయ్యి. పరాయి భాషలో చదివే పెద్దవాళ్ళ మీద హూ, పాల్ నేషన్ 2000లో చేసిన పరిశోధనలో, ఎవరి సాయమూ లేకుండా కథ హాయిగా అర్థం కావాలంటే దాదాపు 98 శాతం మాటలు ముందే తెలిసి ఉండాలని తేలింది.

మరి కష్టమైన పుస్తకాలు ఇవ్వకూడదా

ఇక్కడే పండితుల మధ్య అసలు తగువు. స్థాయికి తగ్గ పుస్తకమే ఇవ్వాలనేవాళ్ళ వాదన తెలిసిందే, పిల్లాడు ప్రతి వరసలో తడబడితే చదవడమంటేనే విరక్తి పుడుతుంది. తిమోతీ షానహన్ వంటి పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. బెట్స్ హద్దులకి ఆధారంగా నిలిచింది ఒక చిన్న అధ్యయనమేననీ, వెనకబడిన పిల్లలకి ఎప్పుడూ తేలిక పుస్తకాలే ఇస్తూ పోతే వాళ్ళు పైమెట్టు భాషని ఎన్నటికీ చూడరనీ, చూడనిది నేర్చుకోలేరనీ వాళ్ళంటారు. 2000లో మోర్గన్, విల్‌కాక్స్, ఎల్‌డ్రెడ్జ్ చదవడంలో వెనకబడ్డ రెండో తరగతి పిల్లల్ని బాగా చదివే తోటి పిల్లలతో జతచేసి కలిసి పైకి చదివించారు. తమ స్థాయి కంటే రెండు తరగతులు పై పుస్తకాలు చదివిన జట్టు ఎక్కువ మెరుగుపడింది.

జాగ్రత్తగా చూస్తే రెండు పక్షాలూ వేర్వేరు సందర్భాల గురించి మాట్లాడుతున్నాయి. ఆ రెండో తరగతి పిల్లలు ఒంటరిగా లేరు, పక్కన ఒక గొంతు నడిపిస్తోంది. నా ఉద్దేశంలో పుస్తకం కష్టమా తేలికా అని కాకుండా, ఎవరితో చదువుతున్నారు అని అడగడం నయం. ఒక్కడే మంచం మీద పడుకుని చదివేదైతే తేలికది, పక్కన అక్కో నాన్నో కూర్చుని వంతులవారీగా చదివేదైతే ఒక మెట్టు పైది, మీరు చదివి వినిపించేదైతే రెండు మూడు మెట్లు పైదైనా దిగులు లేదు. ఒకే పిల్లాడికి ఒకే వారంలో ఈ మూడు రకాలూ ఉండొచ్చు.

వినిపించడం గురించి ఇంకొక్క మాట. సొంతంగా చదవడం వచ్చేసింది కదా అని ఏడో ఏట ఆపేస్తారు చాలామంది. విని అర్థం చేసుకునే శక్తి, చదివి అర్థం చేసుకునే శక్తి సాధారణంగా ఏడు ఎనిమిది తరగతులకి గానీ సమానం కావు, అప్పటిదాకా చెవిదే పైచెయ్యి. పైగా పుస్తకాల్లో దొరికే మాటలు మన కబుర్లలో దొరకవు. డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ 1988లో ఇంగ్లీషు మీద చేసిన లెక్కలో, పిల్లల పుస్తకాల్లో ప్రతి వెయ్యి మాటలకీ సుమారు 31 అరుదైన మాటలుంటే, కాలేజీ చదివిన పెద్దవాళ్ళ మామూలు సంభాషణలో 17 మాత్రమే ఉన్నాయి.

ముందే తెలిసిన విషయం ఎంత పని చేస్తుంది

1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు ఎనిమిది తరగతుల పిల్లలకి ఒక బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి చదవమన్నారు. కొందరు బాగా చదివేవాళ్ళు, కొందరు అంతంతమాత్రం, రెండు గుంపుల్లోనూ ఆట బాగా తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ ఉన్నారు. ఆట తెలిసిన ‘అంతంతమాత్రం’ పిల్లలు, ఆట తెలియని ‘బాగా చదివే’ పిల్లలకంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు.

డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లాడు ‘టైరనోసారస్’ని అవలీలగా చదివేసి, పక్క పేజీలో ‘అయినప్పటికీ’ దగ్గర ఆగిపోవడం చూసే ఉంటారు. లెవెల్ లెక్కలో మొదటిది మహా కష్టం, వాడికి మాత్రం రోజూ తలుచుకునే పేరు. అందుకే ఇష్టమైన విషయం మీద పుస్తకం ఒక మెట్టు పైదైనా నడుస్తుంది, పరిచయం లేని విషయం మీదైతే ఒక మెట్టు కిందది తీసుకోవడం మంచిది. ఇష్టం పనిచేసేది కూడా ఉత్సాహం వల్ల మాత్రమే కాదు, ఇష్టమున్నచోట జ్ఞానం ముందే పోగుపడి ఉంటుంది.

సొంతంగా చదివితే చదువు పెరుగుతుందా

పిల్లల్ని పుస్తకాలతో వదిలేస్తే వాళ్ళే ఎదుగుతారన్నది స్టీఫెన్ క్రాషెన్ వంటి భాషా పండితులు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న వాదన. ఎక్కువ చదివే పిల్లలు బాగా చదువుతారన్నది ఎక్కడ చూసినా కనిపించేదే. కానీ ఎక్కువ చదవడం వల్ల బాగా వస్తోందా, బాగా వచ్చు కాబట్టి ఎక్కువ చదువుతున్నారా? అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక, క్లాసులో మౌనంగా ఎవరికి వాళ్ళు చదువుకునే సమయం వల్ల ప్రయోజనం ఉందని చెప్పడానికి సరిపడా రుజువు దొరకలేదంది. సరిదిద్దేవాళ్ళు ఉండగా పైకి చదవడం వల్ల మాత్రం లాభం ఉందంది. దీన్ని చాలామంది ‘సొంతంగా చదవడం పనికిరాదు’ అని చదువుకున్నారు, నివేదిక అన్నది అది కాదు, రుజువు చాలదని మాత్రమే. 2018లో నెదర్లాండ్స్‌లో ఏడేళ్ళ కవల పిల్లల మీద వచ్చిన పెద్ద అధ్యయనం మాత్రం, ఆ వయసులో బాగా చదవగలగడమే ఎక్కువ చదవడానికి దారితీస్తోంది, తిరగేసి కాదు, అని తేల్చింది.

ఇంకోవైపు డేవిడ్ షేర్ అనే పరిశోధకుడు 1995లో చెప్పిన సంగతి కూడా కాదనలేనిది. కొత్త మాట కనిపించినప్పుడు పిల్లాడు దాన్ని అక్షరాల వెంట కూడగట్టుకుని పలికిన ప్రతిసారీ ఆ మాట రూపం కాస్త కాస్త మనసులో నాటుకుంటుంది. కొన్నాళ్ళకి కూడగట్టుకునే అవసరం పోయి చూడగానే వచ్చేస్తుంది. అంటే పిల్లాడు చదువుతూ తనకి తానే పాఠం చెప్పుకుంటున్నాడు. కాకపోతే ఇదంతా అక్షరాలు కలపడం కొంతైనా వచ్చిన పిల్లలకే వర్తిస్తుంది. అది రానివాడిని పుస్తకాల మధ్య వదిలేస్తే బొమ్మలు చూసి ఊహించడం అలవాటవుతుంది. బొమ్మలో గుర్రం ఉంది కాబట్టి ‘అశ్వం’ అని ఉన్నచోట ‘గుర్రం’ అని చదివేసి ముందుకెళ్ళిపోతాడు. ఊహని ప్రోత్సహించే బోధనా పద్ధతుల మీద అమెరికాలో ఇటీవల పెద్ద గొడవే జరిగి, కొన్ని రాష్ట్రాలు వాటిని నిషేధించాయి కూడా.

ఎంచుకునేది ఎవరు

పెద్దవాళ్ళు ఎంచితే మంచివి చదువుతారు, పిల్లలు ఎంచుకుంటే ఇష్టంగా చదువుతారు, రెండిట్లోనూ నిజముంది. ఎక్కువమంది టీచర్లు, లైబ్రేరియన్లు చేసేది మధ్యేమార్గం, పది పుస్తకాల్ని పెద్దవాళ్ళు ఏరి పెడతారు, అందులోంచి పిల్లాడు తనకి కావాల్సింది తీసుకుంటాడు. ఆ పదిలో బొమ్మల కథలు, కామిక్స్, జంతువుల గురించినవి, జోకులవి అన్నీ ఉండాలి, లేకపోతే అది ఎంపిక కింద లెక్క కాదు.

పిల్లల ఎంపికలో పెద్దవాళ్ళకి చిరాకు తెప్పించేవి కొన్నుంటాయి. చదివిందే మళ్ళీ చదవడం, ఒకే సిరీస్‌లో పదిహేను పుస్తకాలు వరసగా చదవడం, చిన్నపిల్లల పుస్తకం పట్టుకోవడం లాంటివి. వీటిలో దిగులు పడాల్సింది తక్కువే. సిరీస్‌లో పాత్రల పేర్లు, వాళ్ళుండే చోటు, రచయిత వాడే మాటలు ముందే తెలుసు కాబట్టి రెండో పుస్తకం నుంచి చదవడం తేలికవుతుంది, పైన చెప్పిన ‘ముందే తెలిసిన విషయం’ ఇక్కడ పనిచేస్తుంది. మళ్ళీ చదివినప్పుడు అక్షరాల మీద శ్రమ తగ్గి దృష్టి కథ మీదికి పోతుంది. కామిక్స్‌లో మాటలు తక్కువైనా, ఎవరు ఎవరితో అంటున్నారు, రెండు బొమ్మల మధ్య ఏం జరిగి ఉంటుంది అనేది పిల్లాడే కలుపుకోవాలి.

సగంలో వదిలేయడం సంగతేమిటి? వదలడంలో తేడాలున్నాయి. నాలుగు పేజీలు చదివి ‘ఇది బోరు’ అంటే అది అభిరుచి. ప్రతి పుస్తకమూ మొదటి పేజీలోనే బోరు అంటుంటే, ‘బోరు’ అనే మాట ‘నాకు రావట్లేదు’ అనడానికి బదులుగా వస్తూ ఉండొచ్చు. అప్పుడు ఆ పేజీ మీరు చదివి వినిపించి చూడండి, వెంటనే ఆసక్తి పుడితే సంగతి తెలిసినట్టే.

బహుమతుల విషయంలో ఒక పాత ప్రయోగం ఎక్కువగా చెబుతారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి ‘వేస్తే బహుమతి ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత ఆ పిల్లలే తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్ళలో అలా జరగలేదు. అయితే ఆ పిల్లలకి ముందే ఇష్టం ఉంది. చదవడమంటే అసలు ఇష్టమే లేనివాడికి మొదటి నాలుగు పుస్తకాల దాకా ఏదో ఆశ చూపితే నష్టమా అంటే, ఈ ప్రయోగం దానికి జవాబు చెప్పదు. పుస్తకానికి ఇన్ని పాయింట్లు అని పెడితే మాత్రం సన్న పుస్తకాలకి గిరాకీ పెరగడం పిల్లల తెలివే, తప్పు కాదు.

వయసు ఒకటి, చదివే శక్తి ఇంకొకటి అయినప్పుడు

ఇందులో రెండు రకాల పిల్లలున్నారు, ఇద్దరి గురించీ అట్ట మీది లేబుల్ ఏమీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళకే పదమూడేళ్ళవాళ్ళ పుస్తకాలు చదివేసే అమ్మాయికి అక్షరాలూ భాషా అడ్డం కావు, కానీ పదమూడేళ్ళవాళ్ళ కథల్లో ఉండే ప్రేమలు, హింస, ఒంటరితనం ఆమె ఇంకా చూడని లోకం. అలాంటివి అసలు ఇవ్వకూడదని కొందరు, చదవనివ్వండి, అర్థం కానిది వాళ్ళే దాటేస్తారని ఇంకొందరు. రెండో వాదనలో కొంత నిజముంది, కానీ భయపెట్టే వర్ణన విషయంలో అది చెల్లదు, అర్థం కాకపోయినా భయం మిగులుతుంది. ఇలాంటి పిల్లలకి సైన్సు, చరిత్ర, ప్రయాణాలు, జీవిత చరిత్రలు బాగా కుదురుతాయి, భాష ఎంత పైదైనా కథల్లో ఉన్నంత బరువు వాటిలో సాధారణంగా ఉండదు. కథే కావాలంటే మీరూ అదే పుస్తకం చదువుతుంటే సరిపోతుంది, ఫలానా అధ్యాయం దగ్గర ఏదో అడుగుతుందని ముందే తెలిసి ఉంటుంది.

రెండోది దీనికి తిరగేసింది, ఎక్కువ నొప్పి ఉన్నది కూడా. పదకొండేళ్ళు వచ్చినా రెండో తరగతి పుస్తకం దగ్గరే తడబడే పిల్లాడు. వాడి స్థాయికి సరిపోయే పుస్తకంలో బాతుపిల్ల అమ్మని వెతుక్కుంటూ ఉంటుంది, ఆ పుస్తకం పట్టుకుని తోటివాళ్ళ ముందు కూర్చోవడమంటే వాడికి చచ్చేంత సిగ్గు. లెవెల్ లెక్కలో ఇది సరైన పుస్తకమే, మనిషి లెక్కలో కాదు. ఇలాంటివాళ్ళ కోసమే కొందరు ప్రచురణకర్తలు పెద్దపిల్లల కథల్ని పొట్టి వాక్యాల్లో, తేలిక మాటల్లో, అక్షరాల మధ్య ఎక్కువ ఖాళీతో అచ్చువేస్తారు. అవి దొరకనిచోట ఆటల వార్తలు, కామిక్స్, ఏదైనా వస్తువు ఎలా పనిచేస్తుందో బొమ్మలతో చెప్పే పుస్తకాలు ఆ లోటు కొంత తీరుస్తాయి, వాటిని చూసి ఎవరూ ‘చిన్నపిల్లల పుస్తకం’ అనరు. ఆడియో పుస్తకం వింటూ అదే పేజీ మీద వేలు పెట్టుకుని వెళ్ళడం కూడా ఒక దారి, వయసుకి తగ్గ కథ చెవికి అందుతుంది, అక్షరాలు కంటికి అలవాటవుతాయి.

అయితే ఇంత చేసినా మూడు నాలుగు తరగతులు దాటాక కూడా గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర అవే తప్పులు, నిన్న చదివిన మాటనే ఇవాళ మళ్ళీ మొదటినుంచి కూడబలుక్కోవడం, నోటితో మాత్రం అన్నీ చక్కగా చెప్పడం కనిపిస్తుంటే అది పుస్తకం ఎంపిక వల్ల తీరే సమస్య కాదు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉండొచ్చు, చూపు సమస్య ఉండొచ్చు, అక్షరాలు నేర్పిన మొదటి రోజుల్లో ఏదో జారిపోయి ఉండొచ్చు. ‘పెద్దయ్యాక అదే వస్తుంది’ అని ఎదురుచూడకుండా తెలిసినవాళ్ళ చేత పరీక్ష చేయించి, అక్షరాల దగ్గర్నుంచి ఒక క్రమంలో నేర్పించాల్సి ఉంటుంది. ఈలోగా ఇంట్లో కథలు వినిపించడం ఆపక్కర్లేదు. చదవడం నెమ్మదైనంత మాత్రాన పదకొండేళ్ళ బుర్రకి పదకొండేళ్ళ కథలు అందకుండా పోనక్కర్లేదు.